పాట ఎవరి తాలూకా?

పాతపట్నం,
27 జనవరి 2025

అత్తయ్యా,

నమస్కారం మాత్రం పెడుతున్నాను. నీ మోకాళ్లెలా ఉన్నాయి, దీక్షిత్ బావ ఏం చేస్తున్నాడు అని అడిగే ఓపిక ఈ పూట నాకు లేదు. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. వాట్సాప్‌లో తిడితే తిట్టినట్టే ఉండదని నువ్వే అంటావు. అందుకని కాగితం మీదే తిడుతున్నాను.

శనివారం మా స్కూలుకు లాయరు నోటీసు వచ్చింది. పంపినవాడు విజయనగరం నారాయణమూర్తి, నీ పిల్లల పాటల పుస్తకం అచ్చు వేసినాయన. ఆ పుస్తకం హక్కులన్నీ ఆయనవేనట. నేను అందులో పాటలు జిరాక్స్ తీసి ఆరో తరగతి పిల్లలకు పంచానట. మాటలు మార్చి పాడు చేశానట. వచ్చే నెల వార్షికోత్సవంలో పాడించబోతున్నానట. వెంటనే ఆపి, రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలట. ఇంతవరకైతే నవ్వి ఊరుకుందును. కిందనే ఉంది అసలు ముక్క: 'రచయిత్రి శ్యామలాంబ గారి ఫిర్యాదు మేరకు.'

ఆ వాక్యం నిలబడే చదివాను, కూర్చుని మళ్లీ చదివాను. నీ చాప మీద కూర్చుని నేర్చుకున్న పాట నా పిల్లలకు నేర్పితే నువ్వు ఫిర్యాదు చేస్తావా? అదీ ఎవరికో చెప్పి? నా మీద కోపముంటే బస్సెక్కి వచ్చి జుట్టు పట్టుకో, కాదన్నానా?

మా హెడ్‌మాస్టరు అప్పలస్వామి గారు మంచివారే, భయస్తులు. "మేడమ్, మనకెందుకండి ఈ గొడవ? ఒక కాయితం రాసిచ్చీండి, పీడా పోతాది. పిల్లల సేత ఏదో సినిమా డాన్సు ఏయిద్దుము" అన్నారు. నేను రాయనన్నాను. ఆ పుస్తకం మా లైబ్రరీలో ఒక్కటే ఉంది, కొందామంటే ఏ షాపులోనూ లేదు, ఆయన మళ్లీ అచ్చు వేయలేదు. జిరాక్స్ తీయకుండా పిల్లలు దేన్ని చూసి చదవాలో ఆ లాయరునే చెప్పమనండి అన్నాను.

నిజంగా ఫిర్యాదు చేశావా? అవునో కాదో ఒక్క ముక్క రాయి చాలు.

ఇంకా చుట్టరికం మిగిలే ఉంటే నీ మేనకోడలు,
మహతి

*

బొబ్బిలి,
31 జనవరి 2025

ఒసే మహతీ,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద పాలు పొంగించేశాను. ఆ గిన్నె తోమినప్పుడల్లా నిన్నే తలుచుకుంటాను, దీవించి కాదు.

ఫిర్యాదు చేశావా అని అడిగావు. చేశాను. ఏమంటావు?

పండగ వెళ్లిన వారంలో మీ బావ ఫోన్లో ఏదో చూస్తూ, "అమ్మా, నీ గుమ్మడితీగ పాట!" అని పట్టుకొచ్చాడు. ఎవరో పంపిన ముక్కట, ఏ ఊరి పిల్లలో, ఎవరు నేర్పారో ఏమీ లేదు. ఫోను కుడి చెవికి ఆనించుకుంటే కొంచెం వినపడింది. 'తీగా తీగా గుమ్మడి తీగా, గోడెక్కి నువ్వేం చూశావు?' అని ఉండవలసిన పాట. గుమ్మడి లేదు! ఆ చోట ఏదో నోరు తిరగని మాట. ఆ మాట దగ్గర చప్పట్లు కూడా ఒకరివి ముందు, ఒకరివి వెనక. నా ఒళ్లు మండిపోయింది. మర్నాడే నారాయణమూర్తి వాళ్ల అమ్మాయి పెళ్లికి వీణ బేరమాడ్డానికి వచ్చి, నన్ను పలకరించి వెళ్దామని మన ఇంటికొచ్చాడు. "ఒరే నాయనా, ఎవరో నా పాటకి సెయ్యి ఇరగ్గొట్టేరు. ఎవరో కనుక్కుని సంగతి సూడు" అన్నాను. కనుక్కుని నా దగ్గరికి పంపమని నా ఉద్దేశం. వాడు లాయరును పంపాడు! అది నువ్వేనని నాకేం తెలుసు?

ఇప్పుడు తెలిశాక కోపం ఇంకా పెరిగింది. తెలియనివాళ్లు పాడు చేస్తే నేర్పుకోవచ్చు. నువ్వు వీణ మెట్లు నిలబెట్టిన మైనం ఆరకముందే దాని దగ్గరికి పాక్కుంటూ వచ్చినదానివి. నీకేం వచ్చిందే?

హక్కులన్నీ వాడివేనని రాశావు. ఎవరిచ్చారట? పుస్తకం వేస్తానని వచ్చినప్పుడు మన ఇంటి పద్ధతిలోనే వాడిని చాప మీద కూర్చోబెట్టాను. మొదటి చరణం పాడమంటే గేదె అరిచినట్టు పాడాడు, సరే అనుకున్నాను. తాంబూలం నా చేతిలో పెట్టాడు, పాటలు వాడి చేతిలో పెట్టాను. ఏదో కాగితం చాపితే సంతకం చేశాను. మన ఇంట్లో పాట అలా పుచ్చుకున్నవాడు అడిగినవాళ్లకల్లా నేర్పాలి. ఇంకొకరికి నేర్పితేగాని తను సభలో పాడకూడదు. మా నాన్నగారి రోజుల నుంచీ అంతే. నేను వాడిని శిష్యుడిగా తీసుకున్నాను. వాడు పుచ్చుకున్న పాటని గదిలో పెట్టి తాళం వేసుకున్నాడా? పెద్ద మనిషే!

వాడి సంగతి తర్వాత. ముందు నువ్వు చెప్పు. నా గుమ్మడి ఏం పాపం చేసింది?

నీ వీపు చింతపండు చేయగల చేతులు ఇంకా ఉన్న,
అత్తయ్య

*

పాతపట్నం,
5 ఫిబ్రవరి 2025

అత్తయ్యా,

ముందు నా తప్పు చెప్పేస్తాను. నువ్వు నా మీద ఫిర్యాదు చేయలేదని తెలిసి నీ ఉత్తరం పట్టుకుని స్టాఫ్‌రూమ్‌లో ఏడ్చాను. మా సైన్సు మేడమ్ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగింది. సరే, ఏడుపు అయిపోయింది. గుమ్మడి సంగతికొస్తాను.

నా క్లాసులో పింకీ అని ఒక పిల్ల ఉంది. ఒడిశా వైపు పిల్ల. తల్లిదండ్రులు ఇటుకబట్టీ పనికి వెళ్లిపోతే అమ్మమ్మ దగ్గర ఉంటుంది. ఇంట్లో మాట్లాడేదంతా ఒడియానే. జూన్‌లో చేరింది. దసరా సెలవులు అయ్యాక కూడా నా క్లాసులో నోరు తెరవలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది, అంతే. మూగదేమోనని అప్పలస్వామి గారు డాక్టరుకు చూపిద్దామన్నారు. నవంబరులో నీ పాట నేర్పుతున్నాను. గుమ్మడికాయ బొమ్మ బోర్డు మీద వేశాను. వెనక బెంచీలోంచి "కఖారు" అని వినపడింది. ఎవరని చూస్తే పింకీ! వాళ్ల భాషలో గుమ్మడిని అలా అంటారట. పిల్లలు గొల్లున నవ్వారు. నేను నవ్వలేదు. "అయితే కఖారు తీగ అనే పాడదాం, నువ్వే మొదలుపెట్టు" అన్నాను. మొదలుపెట్టిందమ్మా! అసలు ఆపితేనా! ఇప్పుడు తరగతిలో అందరికంటే ఎక్కువ వాగేది అదే. మొన్న నా తెలుగులోనే తప్పు పట్టింది.

ఇది పాట పాడు చేయడమైతే చేశాను. మళ్లీ చేస్తాను.

నారాయణమూర్తి సంగతి. టెక్కలి కోర్టులో నా స్నేహితురాలు హర్షిత లాయరు. చట్టం తీసి నా చేతే చదివించింది. పాఠం చెప్పే క్రమంలో టీచరుగాని, చదువుకునే పిల్లగాని ఒక రచనను కాపీ తీసుకుంటే అది దొంగతనం కాదని చట్టమే అంటోంది. స్కూలు సభలో పిల్లలు పాడుకోవచ్చు, వినేవాళ్లు స్కూలు వాళ్లు, పిల్లల తల్లిదండ్రులు, సంరక్షకులు, ఆ సభ పనిలో ఉన్నవాళ్లు అయితే చాలు. నెట్‌లో పెట్టడానికి మాత్రం ఈ రక్షణ లేదు. ఆ వీడియో స్కూలు ఛానెల్‌లో పెట్టింది నేనే, నేనే తీసేశాను. దానికి సారీ అని ఒక లైను రాసిచ్చాను. జిరాక్సుకూ, పాటకూ సారీ రాయమంటే చచ్చినా రాయను.

మాటలు మార్చడం గురించి హర్షిత కూడా గట్టిగా ఏమీ అనలేకపోయింది. ఒక్కటి మాత్రం చెప్పింది. హక్కులు ఎవరికి రాసిచ్చినా, 'నా రచనను చెడగొట్టి నా పరువు తీశారు' అని అడ్డుపడే హక్కు రాసినవాళ్లకే ఉంటుందట. నారాయణమూర్తికి కాదు, నీకు. ఆయన నీ సంతకం కోసం వస్తాడు చూడు. నువ్వు సంతకం పెడితే అప్పలస్వామి గారు ఆ రోజే పాట ఆపేస్తారు, నాకు మెమో ఇస్తారు. పింకీ మళ్లీ వెనక బెంచీకి పోతుంది.

ఇక నీ ఇష్టం. బతిమాలను.

మహతి

*

బొబ్బిలి,
9 ఫిబ్రవరి 2025

మహతీ,

నీ లాయరు జాతకాలు కూడా చెప్తుందేమో కనుక్కో. నిన్న నారాయణమూర్తి వచ్చాడు. అరటిపళ్ల అత్తం, స్వీటు డబ్బా, కాగితం. ఆ వరసలోనే బల్ల మీద పెట్టాడు. "అమ్మగారూ, మీ పరువు కోసమే కదండి నా తాపత్రయం! ఇయ్యాల ఒక స్కూలుని ఒగ్గేస్తే రేపు జిల్లా అంతా జిరాక్సులే" అన్నాడు. "మరి పుస్తకం మళ్లీ ఎందుకు ఎయ్యవురా?" అన్నాను. కాగితం ధర, కరెంటు బిల్లు, పిల్లలెవరూ చదవడం లేదని ఏదేదో వాగాడు. చదువుతున్న పిల్లల మీదే కదరా నీ నోటీసు అంటే టీ తాగుతూ కూర్చున్నాడు.

సంతకం పెట్టలేదు. పెట్టనని కూడా అనలేదు. ఆలోచిస్తానన్నాను.

ఆ పిల్ల కథ చదివితే నాకూ కళ్లు తడిశాయి, రాయిని కాదు. అయినా మహతీ, ఆ పాట నేను పుస్తకాలు చూసి కట్టలేదు. మీ బావ పొట్టలో ఉండగా, పెరట్లో మా అత్తగారు పెట్టిన గుమ్మడి పాదు చూస్తూ కట్టాను. ఆవిడ నన్ను వీణ ముట్టుకోనిచ్చేది కాదు. ఆ పాదుకే పాడుకున్నాను. గుమ్మడి అన్న మాట తీసేస్తే అందులో నేనెక్కడున్నానే? పిల్ల నోరు తెరవడానికి వేరే పాట దొరకలేదా?

ఒక మాట చెప్తాను. గుమ్మడిని మళ్లీ దాని చోట పెట్టు. నారాయణమూర్తిని చెప్పు తీసుకుని తరుముతాను. జిరాక్సు, చట్టం, వార్షికోత్సవం, అన్నిట్లోనూ నీ పక్కన నిలబడతాను. నీకూ నాకూ ఉన్నది ఇంటి గొడవ, దాన్ని కోర్టువాళ్లకి అప్పజెప్పను. అయితే ఇంటి గొడవ గొడవే.

సభ ఎప్పుడో రాయి, వస్తాను. నల్లంచు పట్టుచీర ఇస్త్రీకి ఇచ్చాను.

అత్తయ్య

*

పాతపట్నం,
14 ఫిబ్రవరి 2025

అత్తయ్యా,

పెట్టను.

నువ్వు ఆ పాట ఎలా కట్టావో నాకెప్పుడూ చెప్పలేదు. ముందే తెలిసుంటే నీకు ఒక ఉత్తరం రాసి అడిగి ఉండేదాన్ని. అడగకపోవడం నా పొరపాటే. కానీ ఇప్పుడు ఆ పిల్ల దగ్గరకెళ్లి, నీ మాట పనికిరాదు, లోపలికి మింగేసేయ్ అని నేను చెప్పను. మీ అత్తగారు నిన్ను వీణ ముట్టుకోవద్దన్నట్టు నేను దాన్ని పాట ముట్టుకోవద్దనాలా? నీకు నచ్చకపోతే సంతకం పెట్టు. నేను మెమో తీసుకుంటాను. పాట మాత్రం పాడిస్తాను. స్టేజీ ఇవ్వకపోతే క్లాసులో పాడిస్తాను. క్లాసులో పాఠం ఆపమని ఏ నోటీసూ రాదు.

మన ఇంటి పద్ధతి మాత్రం తప్పలేదులే. పిల్లలంతా ఇంకొకళ్లకి నేర్పాకే స్టేజీ ఎక్కుతున్నారు. చెల్లెళ్లకి, పక్కింటివాళ్లకి, ఒకడు మా అటెండరుకే నేర్పాడు. ఊరంతా అదే గోల.

సభ 28న, శుక్రవారం సాయంత్రం. నువ్వు మాత్రం రావద్దు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నారాయణమూర్తి తన మనిషిని పంపుతాడట, బయటివాళ్లు ఒక్కరు కనపడినా ఫొటో తీసి కేసు వేస్తాడట. అప్పలస్వామి గారు వణికిపోయి, తల్లిదండ్రులు, పింకీ అమ్మమ్మలాంటి పెంచేవాళ్లు తప్ప ఇంకెవరినీ రానివ్వద్దని మా వాచ్‌మన్ లక్ష్ముడికి చెప్పేశారు. నువ్వు మా స్కూల్లో ఎవరికీ తల్లివి కాదు, ఆ పాటకి తప్ప. ఆ తల్లికి చట్టంలో చోటు లేదు.

చీర మడత పెట్టేయి.

మహతి

*

పాతపట్నం,
1 మార్చి 2025

శ్యామలాంబ గారికి,

అత్తయ్యా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

నిన్న సభ జరిగింది. పిల్లలు పాడారు. పింకీ మొదలుపెట్టింది. ఆ ఆనందంలో స్టేజీ దిగి వస్తుంటే అప్పలస్వామి గారు పిలిచి, "మీ మేనత్తగారట కదండి, ఆ కారు మనిషే సెప్పేడు, నారాయణమూర్తి తాలూకా కారులో వొచ్చేరు. వోళ్ల మనిషితోటి గేటు కాడే నిలబడి మాటలాడుతన్నారు. పెద్దావిడ కదాని నేనే లోనకి రమ్మన్నా రానన్నారు" అన్నారు. పరిగెత్తాను. ఎవరూ లేరు. కారు వెళ్లిపోయిందన్నాడు లక్ష్ముడు.

సంతకం పెట్టేశావన్నమాట. సాక్ష్యానికి వాళ్ల కారులోనే వచ్చావన్నమాట. పెట్టుకో. నువ్వు పెడతావని తెలిసే పాడించాను, మొన్న రాసిన మాట మీదే ఉన్నాను. కానీ మొహం చూపించకుండా వెళ్లిపోతావా? గేటు బయట నుంచి తప్పులు లెక్కపెట్టుకుని పోతావా? నాన్న పోయాక నాకు మిగిలిన పుట్టింటి గడప నీదే అనుకునేదాన్ని.

సోమవారం మెమో రావచ్చు. వస్తే దాని జవాబు ఇప్పటికే రాసి పెట్టాను.

మహతి

*

బొబ్బిలి,
4 మార్చి 2025

ఒసే తొందరదానా,

శ్యామలాంబ గారికి! నిన్ను కాదు, నీకు అక్షరాలు దిద్దించిన నన్ను అనుకోవాలి.

కారెందుకు ఎక్కానంటే, వచ్చింది కాబట్టి. నారాయణమూర్తి మళ్లీ కాగితం పట్టుకుని, "మీరే వొచ్చి ఇనండి, ఎంత పాడుసేసేరో మీ సెవులతో ఇన్నాకే సంతకం ఎట్టండి" అని కారు, మనిషిని పంపాడు. బొబ్బిలి నుంచి పాతపట్నం బస్సుల్లో ఎక్కి దిగే మోకాళ్లు నాకున్నాయా? వాడి పెట్రోలు, నా ప్రయాణం. పాలకొండలో వాడి చేత ఇడ్లీలు కూడా పెట్టించుకున్నాను. నా చెవులు పనిచెయ్యవన్న సంగతి వాడికి ఇంకా తెలియదు, పెద్దగా అరిచి మాట్లాడటం నా మీద గౌరవమనుకుంటాడు కాబోలు.

గేటు దగ్గర మీ లక్ష్ముడు, "ఎవుల తాలూకా అమ్మా?" అని అడిగాడు. పంతులమ్మ మేనత్తనంటే తలుపు తీసేవాడే. పక్కన నారాయణమూర్తి మనిషి ఫోను పైకెత్తి సిద్ధంగా ఉన్నాడు. బయటిదాన్ని నేను లోపల అడుగుపెడితే ఫొటో పడుతుంది. నా పాట వినడానికి వెళ్లి నా పాటనే ఆపించనా? "ఎవుల తాలూకా కాదు, గాలికి నిలబడ్డాను" అన్నాను. మీ హెడ్‌మాస్టరు వచ్చి రమ్మన్నా అదే చెప్పాను. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. పట్టుచీర మట్టికొట్టుకుపోయింది. లోపల మీరు పాడుతున్నారని మైకు అదురుడు వల్ల తెలిసింది, ఒక్క ముక్క వినపడలేదు. మహతీ, అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. నేను కన్న పాటకి నేనే బయటిదాన్నయ్యానని ఏడ్చాను. ఆ మనిషి చూస్తాడని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

సభ అయ్యాక అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఒక పిల్ల బయటికొచ్చింది. రిబ్బన్లు, పౌడరు. నన్ను చూసి ఆగింది. "మామ్మా, పాట బాగుందేటి?" అంది. నాకు దాని పెదాలు తెలుస్తూనే ఉన్నాయి. "వినపడదే నాకు" అన్నాను. "అయితే నేర్పుతాను" అని మెట్టు మీద నా పక్కనే కూర్చుంది. నేనెవరో దానికి తెలియదు, నేనూ చెప్పలేదు. నా అరచెయ్యి తీసి దాని గొంతు మీద పెట్టుకుని పాడింది. రెండో చేత్తో నా మోకాలు మీద తాళం వేసింది. తీగా తీగా కఖారు తీగా. నేను వీణ మీద పెరిగినదాన్ని, చెవి పోయినా చేతికి తెలుస్తుంది. గుమ్మడి ఎంతసేపో కఖారూ అంతసేపే. ఒక్క మాత్ర కూడా తేడా లేదు. ఫోన్లో చప్పట్లు చెల్లాచెదురయ్యాయి గాని, పిల్ల తాళం నిక్కచ్చి. నేను తప్పు పాడితే నా మోకాలు మీద ఒక్కటిచ్చి, "మళ్లీ" అంది. నన్ను మళ్లీ అని మా నాన్నగారి తర్వాత ఎవరూ అనలేదు.

నారాయణమూర్తి మనిషి మీదికొచ్చి, "ఏటమ్మా ఇది, రోడ్డు మీద పాడిస్తన్నారు? ఫొటో తీస్తన్నాను" అన్నాడు. "బాగా దగ్గరికొచ్చి తియ్యరా. పాడించడం లేదు, పాఠం జరుగుతన్నాది. ఈవిడ పంతులమ్మ, నేను పిల్లని. పాఠం ఆపమని ఏ సట్టంలో ఉన్నాదో సూపించు" అన్నాను. పింకీ కూడా వాడి వైపు తిరిగి ఏదో ఒడియాలో గట్టిగా అంది. ఏమందో తెలియదు, వాళ్ల అమ్మమ్మ నోరు నొక్కుకుని నవ్వింది. వాడు ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఆ తిక్కలో, వెంటనే కారెక్కకపోతే వదిలేసి పోతానన్నాడు. అందుకే నిన్ను చూడకుండా వచ్చేశాను. దారి పొడుగునా వాడు మొహం ముడుచుకునే ఉన్నాడు. నేను పాడుతూనే ఉన్నాను.

నీ ఉత్తరంలో మా అత్తగారి మాట చదివిన రోజున నిన్ను చంపేద్దామన్నంత కోపం వచ్చింది. నిజం కాబట్టి వచ్చింది. అంతకంటే చెప్పను.

నారాయణమూర్తి కాగితాన్ని తిరగేసి, వెనక ఖాళీలో నా సొంత చేతిరాతతో రాశాను. మహతి పిల్లలు నా పాటను చెడగొట్టలేదని, నా పరువు ఎక్కడికీ పోలేదని, వాళ్లు పాడినట్టే పాడవచ్చని. సంతకం అక్కడ పెట్టాను. దాని ఒక నకలు మీ అప్పలస్వామి గారికి రిజిస్టరు పోస్టులో పంపాను, రెండోది ఇందులో పెట్టాను. జిరాక్స్ తీసే పంపాను. కావాలంటే దానికీ నోటీసు ఇవ్వమను.

ఆదివారం నుంచి బొబ్బిలి కోట వెనక గుడి మండపంలో పిల్లలకు పాఠం మొదలుపెడుతున్నాను. పుస్తకం ఉండదు, నోటితోనే. కఖారు అనే నేర్పుతాను. ఎవరైనా గుమ్మడి అంటే అదీ పాడమంటాను. నారాయణమూర్తికి కార్డు రాసేశాను: 'నీ పాటలు అనుమతి లేకుండా నేర్పుతున్న శ్యామలాంబ మీద ఈసారి నోటీసు ఇవ్వు. చిరునామా నీకు తెలుసు. పంతులమ్మని, పిల్లల్ని వదిలి నా మీదికి రా.'

ఇట్లు,
పింకీ గారి శిష్యురాలు,
శ్యామలాంబ